బోర్లించిన ఆకు

సొరుగు సర్దుదామని ఉదయం కూర్చున్నాను. సర్దడం మాత్రం జరగలేదు. అరిగిన టూత్‌బ్రష్, ఒక బోల్టు, చిరిగిన లేసు ముక్క, జత లేని గుండీ, నలిపి విప్పిన అల్యూమినియం రేకు బయటపడగానే వాటిని నేను దుద్దులు చేసే పాలిమర్ క్లే మీద అద్ది చూడాలనిపించింది.

క్లే అంటున్నామే గానీ ఇందులో మట్టి లేదు. పీవీసీ అనే ప్లాస్టిక్‌ను మెత్తబరిచే ద్రవంతో కలిపి చేసిన ముద్ద ఇది. చేతివేడికి లొంగేదాకా పిసికి, 3 మిల్లీమీటర్ల మందాన పలకలా ఒత్తి, ముందుగా లేసును అద్దాను. పలకను తడపడం మరిచినందువల్ల దారాలు అందులో కూరుకుపోయి, లాగేసరికి అల్లిక అంతా సాగిపోయింది. నీళ్లు చిలకరించాక రెండోసారి శుభ్రంగా ఊడివచ్చింది. బోల్టును దొర్లిస్తే దాని మరలు దగ్గర దగ్గరగా సన్నని చాళ్లు పెట్టాయి. రేకు వేసిన గరుకు నిజమైన రాయిని తలపించింది. గుండీ ఒక్కటే నన్ను నిరాశపరిచింది: ఎక్కడ అద్దినా నాలుగు చిల్లులతో తాను గుండీనేనని చాటుకుంటుంది. ఏ వస్తువుతో వేశారో చూసేవారికి తట్టని ముద్రే నగకు నప్పుతుందని నా అభిప్రాయం.

అసలు పొద్దంతా తినేసింది పెరట్లో రాలిన ఆకు. నునుపైన పైభాగం అద్దితే ఏమీ పడలేదు. బోర్లించి అద్దితే అడుగున ఉబ్బిన ఈనెలు లోతైన గాడులుగా దిగాయి. నాకు కావలసింది గాడులు కాదు, పైకి తేలిన ఈనెలు. అందుకని మిగులు ముద్ద మీద ఆకును అద్ది, ఆకు తీసేసి ఆ ముద్దను కాల్చి అచ్చుగా చేసుకుని, ఆ అచ్చు మీద కొత్త పలకను నొక్కాను. ఈసారి ఈనెలు లేచి నిలిచాయి.

పొట్లం మీద రాసినట్టే 130 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు కాల్చాను. ఓవెన్ మీటను నమ్మక లోపల వేరే ఉష్ణమాపకం పెడతాను, ఎందుకంటే ఈ ముద్ద మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే హానికరమైన వాయువు వెలువడుతుంది. చల్లారాక గోధుమరంగు యాక్రిలిక్ పూసి వెంటనే తుడిస్తే, రంగు పల్లాలలోనే నిలిచి ఈనెలు తేటపడ్డాయి.

రెండు దుద్దులలో ఒకదానికి కొక్కెం కోసం రంధ్రం పెట్టడం మరిచాను. రేపు చేతి డ్రిల్లుతో, ఈనె తెగకుండా, తొలవాలి.