నా ముల్లంగి, ల్యాబ్ రిపోర్టు, ఆ 4.43

ఆమదాలవలస దగ్గర, నాగావళి ఒడ్డున మాకు 20 సెంట్ల గరప నేల ఉంది. ముల్లంగికి దాన్ని మించిన నేల లేదు. విశాఖలో ఇళ్లకి కూరగాయలు చేర్చే ఒకాయన పంటంతా తానే తీసుకుంటానన్నాడు, కాకపోతే నైట్రేట్ రిపోర్టు కావాలన్నాడు. నైట్రేట్ అంటే మొక్క నేలలోంచి పీల్చుకునే నైట్రోజన్ రూపం. అది ఎక్కువైతే పసివాళ్లకి మంచిది కాదని చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు అడుగుతున్నారట.

శాంపిల్ ఇవ్వడం తేలికే. తవ్విన పూటే మట్టి దులిపి, ఐస్ పెట్టెలో పెట్టి, బస్సెక్కి ఇచ్చొచ్చాను. తొమ్మిది రోజులకి రిపోర్టు వచ్చింది. కిలోకి 420 మిల్లీగ్రాములు.

యూరప్‌లో పచ్చి పాలకూరకే 3500 దాకా ఒప్పుకుంటారని చదివి ఉన్నాను. ఇంకేం, నా ముల్లంగి గంగాజలమే అనుకుని ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టేశాను. సాయంత్రం ఆయన ఫోన్. "ఇది నైట్రేట్ కాదండీ, నైట్రేట్‌లో ఉన్న నైట్రోజన్ లెక్క. 4.43తో గుణించండి." గుణిస్తే 1860! 3500కి లోపలే కానీ, నేను చాటుకున్నదానికి నాలుగు రెట్ల పైమాట.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్లి అడిగాను. కౌంటర్‌లో కుర్రాడు తలెత్తకుండానే "కింద చిన్న అక్షరాల్లో ఉంది కదా, చదవలేదా? అయినా రైతులకి ఇవన్నీ ఎందుకండీ" అన్నాడు. వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాసు. నైట్రేట్ బరువు 62, అందులో నైట్రోజన్ 14, భాగిస్తే 4.43. పరీక్షలో రాసిన లెక్కే. ఆ నవ్వుకి జవాబు చెప్పలేక బస్టాండు దాకా నడిచే వచ్చాను. రిపోర్టు చేతికి రాగానే ముందు యూనిట్ చదవండి, అంకె తర్వాత. పెద్ద అక్షరాల్లో వేస్తే వాళ్ల సొమ్మేం పోతుందో!

తప్పు పొలంలోనూ ఉంది. "ఆకు నల్లగా నిగనిగలాడాలంటే ఇంకొంచెం వెయ్యండి" అన్న ఎరువుల కొట్టు మాట విని, 30వ రోజున పైపాటుగా సగం బస్తా యూరియా చల్లాను. 45 కిలోల బస్తాలో నూటికి 46 పాళ్లు నైట్రోజనే, అంటే 20 సెంట్లకి పది కిలోల పైమాట. దుక్కిలో వేసిన గత్తం దీనికి అదనం. ఆ వెంటనే వారం రోజులు ముసురు. ఎండ బాగా ఉంటేనే మొక్క నైట్రేట్‌ని మాంసకృత్తులుగా మార్చుకుంటుంది. మబ్బు పడితే పీల్చింది పీల్చినట్టే దుంపలో పేరుకుంటుంది.

రెండో పంటకి 15వ రోజున ఐదు కిలోల యూరియా వేసి ఆపేశాను. తెల్లారగట్ల కాకుండా మధ్యాహ్నం ఎండ తగిలాక తవ్వాను. ఈసారి 930. గుణించే చెప్తున్నాను.

"ఏటి బావా నీ గొప్ప, అది సంక్రాంతి ఎండ పుణ్యం" అంటాడు మా బావమరిది. కొంత నిజమే కావచ్చు.

విశాఖ ఆయన తీసుకోగా మిగిలినవి రైతుబజారుకి వేశాను. దుంప సన్నగా ఉందని కిలోకి రెండు రూపాయలు తగ్గించమన్నారు. తగ్గించలేదు.