ఉప్పు తగ్గించిన వేసవి

మూడు నెలలు మంచం దిగలేదు. డిప్రెషన్ అని మాత్రలు రాశారు. వాటితో రెండు వారాలకే లేచి తిరిగాను. నాలుగో వారానికి నిద్ర పూర్తిగా పోయింది. రాత్రి రెండింటికి బీరువాలన్నీ సర్దేదాన్ని. ఓ రోజు తెల్లారగానే గాజులు తాకట్టు పెట్టి కేటరింగ్ మొదలుపెడతానని బయల్దేరాను. అమ్మేమో "పిల్ల కోలుకుంది, హుషారుగా ఉంది" అని పిన్నివాళ్లందరికీ ఫోన్లు. ఆ హుషారు కూడా జబ్బేనని మాకు చెప్పినవాళ్లు లేరు. కాలేజీ రోజుల్లోనూ ఇలా ఓసారి అయింది. మొదటి డాక్టరు అడిగుంటే చెప్పేదాన్ని.

రెండో డాక్టరుగారు అడిగారు. బైపోలార్ అన్నారు, అంటే ఓసారి హుషారు, ఓసారి దిగులు హద్దు మీరే జబ్బు. లిథియం రాశారు. చీటీ వెనక అలలా ఓ గీత గీసి, పైకి లేచిన చోటా కిందికి దిగిన చోటా వేలు పెట్టి అమ్మకు చూపించారు. "ఇది ఒక రకం ఉప్పేనమ్మా" అని కథ కూడా చెప్పారు. జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా సైకియాట్రిస్టు రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్‌లోని చాంగీలో మూడేళ్లకు పైగా జపాన్ వాళ్ల ఖైదీ. తిరిగొచ్చాక గినీ పందుల మీద, తర్వాత ఉన్మాదంలో ఉన్న రోగుల మీద లిథియం వాడి, 1949లో ఆ సంగతి ప్రచురించాడు. కానీ ఆయన మొదటి పేషెంటే తర్వాత లిథియం విషమెక్కి చనిపోయాడు. రక్తపరీక్షలు ఎందుకు మానకూడదో అప్పుడే నా బుర్రకెక్కింది.

నాకు ఎక్కువ నచ్చింది డెన్మార్క్ డాక్టరు మోగెన్స్ షూ. సొంత తోబుట్టువుకే మాటిమాటికీ డిప్రెషన్ వచ్చేది. లిథియం జబ్బును తిరిగి రానివ్వదని చూపించడానికి ఏళ్లు పోరాడాడు. 1970లో ఆయన బృందం వేసిన ట్రయల్‌లో లిథియం ఆపి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో సగం మందికి పైగా మళ్లీ జబ్బుపడ్డారు. రోగులకూ ఇంట్లోవాళ్లకూ అర్థమయ్యేలా పుస్తకం కూడా రాశాడు. ఇంట్లో జబ్బు చూసినవాడు కదా.

రెండో ఏడాది మే నెల. నాన్నకు బీపీ అని అమ్మ ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించేసింది. వారం తిరక్కుండా నాకు విరేచనాలు. మజ్జిగ గ్లాసు పట్టుకుంటే సగం చీర మీదే ఒలికింది. రక్తంలో లిథియం లెవెల్ 1.4. నాకు 0.6 నుంచి 0.8 మధ్య ఉండాలన్నారు డాక్టరుగారు. ఒంట్లో సోడియం తగ్గితే కిడ్నీ లిథియాన్ని బయటికి పంపకుండా పట్టుకుంటుందట. రెండు రోజులు మాత్ర ఆపించి, మోతాదు సరిచేశారు. ఆయింట్‌మెంట్ తప్ప నొప్పి మాత్రలేవీ సొంతంగా వేసుకోవద్దని గట్టిగా చెప్పారు.

ఇప్పుడు పప్పు రెండు గిన్నెల్లో. మూడు నెలలకోసారి, రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇస్తాను. థైరాయిడ్, కిడ్నీ కోసం క్రియాటినిన్ పరీక్షలు ఆరు నెలలకోసారి. చెయ్యి కాస్త వణుకుతుంది, సూదిలో దారం అమ్మే ఎక్కిస్తుంది. మొన్న ల్యాబ్ నుంచి రాగానే వంటింట్లోంచే అడిగింది.

"ఎంతొచ్చిందే?"

"0.7."

నాన్న కంచంలో ఆవకాయ ముక్క తీసి నా కంచంలో వేసింది.