జ్వరం కంటే ముందే పెరిగిన అంకె

పోయినేడాది ఫ్లూతో మంచాన పడ్డప్పుడు "ఎప్పుడు మొదలైంది?" అని డాక్టర్ గారు అడిగితే నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఒసెల్టామివిర్ లాంటి ఫ్లూ మందులు లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయని అప్పుడే తెలిసింది. అందుకే ఈసారి సీజన్ రాకముందే ఫోన్‌కి కనెక్ట్ అయ్యే థర్మామీటర్, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్ కొన్నాను. స్మార్ట్ వాచ్ చేతికి ఎలాగూ ఉంది.

మొదటి నెలంతా ఒంట్లో బాగున్న రోజుల్లోనే కొలిచాను. "ఏ జబ్బూ లేదు కదా, ఎందుకురా రోజూ ఇది?" అనేది అమ్మ. కానీ అసలు పని ఆ నెలలోనే జరిగింది. నా రెస్టింగ్ హార్ట్ రేట్ (విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఆ లెక్క) 62 దగ్గర ఉంటుందని, టెంపరేచర్ పొద్దున కన్నా సాయంత్రం కాస్త ఎక్కువని తెలిసింది. అమ్మ టెంపరేచర్ మామూలుగానే నాకన్నా తక్కువ. పెద్ద వయసులో చాలామందికి అంతేనట. అంటే నాకు పట్టించుకోనక్కర్లేని అంకె కూడా అమ్మకి జ్వరం కావచ్చు.

ఒక మంగళవారం పొద్దున వాచ్ హార్ట్ రేట్ 70 చూపించింది. గొంతులో గరగర కూడా లేదు. నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఉన్నా పెరుగుతుంది కదా అని వదిలేశాను. బుధవారం 75. మధ్యాహ్నం నుంచి ఒళ్ళు నొప్పులు, సాయంత్రానికి 101.8 జ్వరం. గురువారం డాక్టర్ గారికి గ్రాఫ్ చూపించాను. టెస్ట్ చేస్తే ఫ్లూ అని తేలింది, మందు సమయానికే మొదలైంది.

అమెరికాలో 47 వేల మందికి పైగా ఫిట్‌బిట్ అనే చేతి బ్యాండ్ వాడేవాళ్ల గుండె వేగం, నిద్ర వివరాలు తీసుకుని, రాష్ట్రాల వారీగా ఫ్లూ ఎంతగా ఉందో మెరుగ్గా అంచనా వేయొచ్చని చూపిన అధ్యయనం 2020లో వచ్చింది. అది ప్రాంతాల లెక్క. నా ఒక్కడి చేతి మీద అంకె పెరిగితే అది ఫ్లూ అని వాచ్ చెప్పలేదు, టెస్టే చెప్పాలి.

అయినా ఆ మంగళవారం నన్ను వదలడం లేదు. లక్షణాలు కనబడడానికి ఒక రోజు ముందు నుంచే ఫ్లూ ఇతరులకు అంటుకోవచ్చు. ఆ సాయంత్రమంతా అమ్మ పక్కనే కూర్చున్నాను. ఇకపై కారణం లేకుండా అంకె పెరిగితే ఆ రోజు మాస్క్ పెట్టుకుని వేరే గదిలో ఉంటాను.

శుక్రవారం అమ్మకీ జ్వరం వచ్చింది. అదే థర్మామీటర్‌తో చూశాను. యాప్‌లో ప్రొఫైల్ మార్చలేదు. రాత్రి చూస్తే తగ్గిన జ్వరం నాకే మళ్ళీ ఎగబాకినట్టు గ్రాఫ్! రీడింగులు విడదీయడానికి గంట పట్టింది. ఆ తర్వాత పారాసిటమాల్ వేసిన టైమ్ కూడా రాయడం మొదలుపెట్టాం. లేకపోతే మాత్ర దించిన జ్వరాన్ని తగ్గిన జ్వరం అనుకుంటాం.

ఆ రాత్రే ఆక్సీమీటర్ 90 చూపించేసరికి నా గుండె జారిపోయింది. అమ్మ వేళ్ళు చల్లగా ఉన్నాయి. రెండు చేతులూ రుద్ది వెచ్చబెట్టి, నిమిషం ఆగి చూస్తే 96. ఆయాసం లేదు, మాట స్పష్టంగా ఉంది. అయినా తెల్లవారే దాకా గంటగంటకీ చూశాను. పొద్దున్నే డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకపోయాకే నేను బయటికి వెళ్ళాను. నా హార్ట్ రేట్ 62కి దిగడానికి తొమ్మిది రోజులు పట్టింది. అమ్మకి దగ్గు తగ్గింది కానీ, హార్ట్ రేట్ ఇంకా పాత అంకె కన్నా ఐదు ఎక్కువే ఉంది. రోజూ పొద్దున చూస్తున్నాను.