కిలుము

ఈ ఉదయం కాఫీ ముగించి నా పాత మిఠాయి డబ్బా తెరిచేసరికి అందులో ఉండవలసిన ఇత్తడి బిళ్ల లేదు. వెతుక్కుంటూ వంటింట్లోకి వెళితే, గట్టు మీద రాగి చెంబుకూ హారతి పళ్లేనికీ నడుమ కొత్త నాణెంలా మెరుస్తూ కనిపించింది. ఆదివారం ఉదయం అమ్మ దేవుడి సామాను తోముకుంటుంది. రాత్రి కొలతలు రాసుకోవడానికి బిళ్లను బయటికి తీసి, బల్ల మీదే వదిలి పడుకోవడం నా పొరపాటు. పదేళ్లుగా పత్తిలో చుట్టి దాచుకున్న ఆ ముదురు గోధుమరంగు ఒక నిమ్మకాయంత చింతపండుకు కరిగిపోయింది. "మా తమ్ముడి బిళ్ల కిలుము పట్టి ఉంటే చూడలేకపోయానురా," అన్నది అమ్మ, ఎంతో మేలు చేసిన ముఖంతో. నేను ఏమీ అనలేదు. అనకపోవడానికి చాలా శ్రమపడ్డాను.

ఆ బిళ్ల రూపాయి నాణెం కన్నా కొంచెం పెద్దది. పైన మేకుకు తగిలించడానికి ఒక రంధ్రం, దాని కింద హెచ్.ఎమ్. అన్న అక్షరాలు, మధ్యలో నాలుగు అంకెలు ఉన్నాయి. ఆ అంకెలు ఒకే అచ్చుతో పడినవి కావు; ఎవరో ఒక్కొక్క అంకెనూ ఉలిలాంటి పంచ్‌తో విడివిడిగా గుద్దారు కనుక మూడవ అంకె కాస్త పక్కకు ఒరిగి ఉంటుంది. యంత్రశాలల్లో పనిముట్ల గదికి వెళ్లిన కార్మికుడు తన బిళ్లను కిటికీలో ఇచ్చి కావలసిన పనిముట్టు తీసుకుంటాడు. పనిముట్టు ఉండే చోట ఆ బిళ్ల వేలాడుతుంది. సాయంత్రం పనిముట్టు తిరిగి ఇస్తే బిళ్ల చేతికి వస్తుంది. కచేరీల్లో బిళ్ల బంట్రోతు బిళ్ల అధికారానికి గుర్తయితే, ఈ బిళ్ల బాకీకి గుర్తు.

ఇది మా చిన్న మామయ్యది. జనపనార మిల్లుల్లో పనికోసం శ్రీకాకుళం వైపు నుంచి హుగ్లీ తీరానికి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు రిస్రాలోనూ, నది అవతల టిటాగఢ్‌లోనూ తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. మామయ్య మిల్లుకు వెళ్లడానికి వచ్చి, రిస్రాకు రెండు స్టేషన్ల ఇవతల ఉన్న హిందుస్థాన్ మోటార్స్‌లో కుదిరాడు. 1942లో బిర్లాలు గుజరాత్‌లోని ఓఖా రేవులో ప్రారంభించిన ఆ సంస్థ 1948లో హుగ్లీ జిల్లాలోని ఉత్తరపారాకు తరలి వచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా 1950ల చివర మొదలైన అంబాసిడర్ అక్కడే తయారవుతూ వచ్చింది. 2014 మే 24న ఆ కర్మాగారంలో పని నిలిపివేశారు. మూడేళ్లకు, 2017లో, అంబాసిడర్ అన్న పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పేరుకే అంత ధర పలికిందని చదివినప్పుడు, నా డబ్బా మొత్తం విలువ నాలుగు వేలు దాటదని గుర్తుకువచ్చి నవ్వుకున్నాను.

అంబాసిడర్‌కు సంబంధించిన చిన్న చిన్న వస్తువులు సేకరిస్తానే కానీ నాకు కారు లేదు, కొనే ఉద్దేశమూ లేదు. పెద్ద విడిభాగాల జోలికి కూడా పోను. మడ్‌గార్డు పెట్టుకోవడానికి ఈ మూడు గదుల ఇంట్లో చోటు ఎక్కడ? ఛాసిస్ నంబరు రేకులను మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోను. అవి బండి నుంచి విడిపోయి చేతులు మారితే దొంగబండికి కొత్త పుట్టుక ఇవ్వడానికి పనికివస్తాయి. నేను దాచేవన్నీ అరచేతిలో పట్టేవే: ఒక తాళంచెవి గొలుసు, బోనెట్ మీది ఒక గుర్తు, విడిభాగాల అట్టపెట్టెల మీద నుంచి ఊడదీసిన చీటీలు, సగం చించిన సర్వీసు కూపన్ల పుస్తకం, యజమానికి కారుతో పాటు ఇచ్చే ఒక చేతిపుస్తకం.

ఆ చేతిపుస్తకం హైదరాబాదు వెళ్లినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారాలు పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల నడుమ, పోటీ పరీక్షల గైడ్ల అడుగున, 120 రూపాయలకు దొరికింది. ముద్రించిన సంవత్సరం ఉండవలసిన పుట చిరిగిపోయింది. అయితే అట్ట లోపలి వైపు కలకత్తా చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉన్నది. పిన్‌కోడు విధానం మన దేశంలో 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. అంతకు ముందు కలకత్తా-1 అని రాసి ఊరుకునేవారు. పుస్తకంలోని బొమ్మలేమో చదరంగపు గళ్ల జాలీ ఉన్న మార్క్-2 కారువి. ఆ నమూనా 1962లో వచ్చి, 1975లో మార్క్-3కి చోటు ఇచ్చింది. కాబట్టి పుస్తకం వయసు ఆ మూడేళ్ల మధ్యనే ఎక్కడో తేలుతుంది. చిరిగిన పుట నాకు దొరికి ఉంటే ఇంత ఆనందం కలిగేది కాదు. చివరి ఖాళీ పుటలో పాత యజమాని ఊదారంగు సిరాతో పెట్రోలు లెక్కలు తెలుగులోనే రాసుకున్నాడు. బ్రేకుల అధ్యాయం అంచున నూనె అంటిన బొటనవేలి ముద్ర ఒకటి ఇప్పటికీ స్పష్టంగా ఉన్నది.

ఉత్పత్తి ఆగిన తరువాత ఇలాంటి వాటికి గిరాకీ పెరగడంతో నకిలీలూ పెరిగాయి. తాళంచెవి గొలుసుల విషయంలో నేనే రెండుసార్లు మోసపోయాను. గాజుపొడిని కొలిమిలో కరిగించి అద్దిన పాత మీనాపని మీద గుండుసూది గీత పడదు, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. ఇప్పటి రంగు జిగురు మీద గోరు గుచ్చినా ఆనవాలు మిగులుతుంది. ఇత్తడి అని చెప్పి అమ్మినది అయస్కాంతానికి అతుక్కుంటే ఇక చెప్పవలసిందేముంది? కానీ ఇన్ని పరీక్షల కన్నా, వస్తువు ఎవరి చేతి నుంచి వచ్చిందో ఖాతాపుస్తకంలో ఆ రోజే రాసుకోవడం మేలని నాకు ఆలస్యంగా తెలిసింది.

నా డబ్బాలో అన్నిటికన్నా చవకైన వస్తువు 2015లో ఒక పెళ్లికి రిస్రా వెళ్లినప్పుడు హౌరాలో హింద్ మోటర్‌కు కొన్న లోకల్ రైలు టికెట్టు. ఉత్తరపారాకూ కొన్నగర్‌కూ మధ్య ఉన్న స్టేషను పేరు హింద్ మోటర్. కర్మాగారం పేరే స్టేషనుకు వచ్చింది. కార్లు ఆగిపోయినా టికెట్టు మీద ఆ పేరు మాత్రం ప్రతిరోజూ అచ్చవుతూనే ఉన్నది. నా టికెట్టు మీది అక్షరాలు వెలిసిపోతూ హౌరా అన్న మాట ఇప్పటికే పోయింది కనుక, ఈ మధ్యాహ్నం దానికి రెండు నకళ్లు తీయించి తెచ్చాను.

ఆ ప్రయాణంలోనే మామయ్య నాకు ఈ బిళ్లను ఇచ్చాడు. పోయిందనుకుని మరొకటి రాయించుకున్న చాలాకాలానికి ఇది పాత ప్యాంటు జేబులో దొరికిందట. సేకరణ చేసేవారు పాత లోహాన్ని తోమరు. కాలం పూసిన పూత పోతే సగం ప్రాణం పోయినట్లే భావిస్తారు. నేనూ ఆ నమ్మకంతోనే పొద్దుటి నుంచి మూతి ముడుచుకుని ఉన్నాను. సాయంత్రం ఉండబట్టలేక మామయ్యకు ఫోను చేసి జరిగింది చెప్పుకున్నాను. ఆయన అవతల చాలాసేపు నవ్వాడు.

"మీ అమ్మ ఏం పాడుచేసిందిరా? రోజంతా జేబులో గుడ్డకు రాసుకుంటుంటే ఇత్తడి మెరవక ఏమవుతుంది? అక్కడ ఎవరి బిళ్ల చూసినా అద్దంలాగే ఉండేది. నేను నీ చేతికి ఇచ్చినప్పుడు కూడా మెరుస్తూనే ఉన్నదే. ఆ కిలుము పట్టింది నీ డబ్బాలో," అన్నాడు. తరువాత, మూడో అంకె ఇంకా వంకరగానే ఉన్నదా అని అడిగాడు. ఉన్నదని చెప్పాను.

ఫోను పెట్టేసి ఖాతాపుస్తకం తెరిస్తే, 2015 నాటి నా రాతలోనే స్థితి అన్న గడిలో "శుభ్రంగా ఉన్నది" అని కనిపించింది. దాని పక్కన ఈ రోజు తేదీ వేసి, "అమ్మ చింతపండుతో తోమింది" అని రాశాను. పత్తిలో చుట్టకుండా బిళ్లను ప్రస్తుతానికి చొక్కా జేబులో వేసుకున్నాను.