ఖాళీ గడి వేరు, సున్నా వేరు

ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు కోసం మా గైడ్ సార్ ఒక ఎక్సెల్ ఫైలు ఇచ్చారు. కడప చుట్టుపక్కల చెరువుల దగ్గర, లంకమల వైపు ముళ్లపొదల అడవిలో కొన్నేళ్లుగా చూసిన పక్షుల లెక్కలవి. "జీబిఫ్‌లో మన జిల్లా డేటా కూడా డౌన్‌లోడ్ చేసి రెండూ పోల్చు" అన్నారు. ప్రపంచం నలుమూలల నుంచి జీవుల రికార్డులను ఒకచోట చేర్చి ఉచితంగా ఇచ్చేది జీబిఫ్. ఈబర్డ్, ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్లలో మామూలు జనం పెట్టే రికార్డులు కూడా అందులోకి చేరతాయి.

జీబిఫ్ ఫైలు తెరిస్తే ఒక్కో వరుసా ఒకే గడిలో కుక్కినట్టు కనబడింది. పేరుకు సీఎస్‌వీయే (కామాలతో విడదీసిన ఫైలు) గానీ, లోపల విడదీసేది కామా కాదు, ట్యాబ్. ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి, విడదీసేది ట్యాబ్ అని, అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకున్నాక దారికొచ్చింది. కాలమ్‌ల పేర్లు డార్విన్ కోర్ అనే ప్రమాణం ప్రకారం ఉంటాయి. ఒక్కోదానికీ నిర్వచనం ఉంది, ముందు అవి చదివితే సగం టెన్షన్ తగ్గుతుంది. రికార్డు దేని ఆధారంగా వచ్చిందో చెప్పే 'బేసిస్ ఆఫ్ రికార్డ్' చూడకపోతే మ్యూజియంలో దాచిన పక్షి చర్మాన్నీ, నిన్న ఎవరో చూసిన పక్షినీ ఒకే గాటన కట్టేస్తాం. స్థానం ఎంత కచ్చితమో మీటర్లలో చెప్పే కాలమ్ కూడా అంతే ముఖ్యం. అరుదైన జీవుల చోటు వేటగాళ్లకు తెలియకుండా ఐనాచురలిస్ట్ 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పెడుతుంది. అంటే ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ. ఆ చుక్కను పట్టుకుని పొదల్లో వెతకడం దండగ.

సార్ ఫైలులో తేదీలు ఇంకో తలనొప్పి. కొన్ని గడికి కుడివైపు, కొన్ని ఎడమవైపు అతుక్కుని ఉన్నాయి. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే జులై 4 అని రాసిన 04/07/2021ను నోరు మెదపకుండా ఏప్రిల్ 7 చేసి కుడివైపు పెట్టేస్తుంది. 25/07/2021 మాత్రం దానికి మింగుడుపడక అక్షరాలుగా ఎడమవైపు మిగిలిపోతుంది. ఎడమవి కంటికి కనబడతాయి కాబట్టి నయం, మోసమంతా కుడివాటిలోనే. పాత నోటుబుక్కు పక్కన పెట్టుకుని అన్నీ 2021-07-04 పద్ధతిలోకి మార్చాను. కొన్ని వరుసల్లో అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. మ్యాప్ మీద వేస్తే మన కడప పక్షులు నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు మీద తేలాయి! సార్‌కు చూపిస్తే చాలాసేపు నవ్వారు.

అసలు చిక్కు సంఖ్యల కాలమ్‌లో ఉంది. కొన్ని గడుల్లో 0, కొన్ని ఖాళీ, కొన్నిట్లో ఎక్స్. ఈబర్డ్ అలవాటు ప్రకారం ఎక్స్ అంటే పక్షి కనబడింది, లెక్కపెట్టలేదు అని. మరి ఖాళీ? లెక్కలు రాసిన వాచర్ అన్ననే అడిగాను.

"అన్నా, ఇక్కడ ఏం రాయలేదు. పక్షి లేదనా?"

"లేదని కాదమ్మా. ఆ పొద్దు వాన. మేం పోనే లేదు."

ఖాళీలన్నీ సున్నాలతో నింపితే ఏమవుతుందో చూడండి. నాలుగు వారాల లెక్క 12, ఖాళీ, 0, 6 అనుకుందాం. వెళ్లిన మూడు వారాలకు సగటు 6. ఖాళీని సున్నా చేస్తే 4.5. వానపడిన వారాలు ఎక్కువైతే చెరువులో పక్షులు తగ్గిపోయాయని రాసేస్తాం. మన కలివికోడి అనే అరుదైన పక్షి సంగతీ ఇలాంటిదే. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదని అంతరించిందనే అనుకున్నారు. రాత్రుళ్లు తిరిగే ఆ పక్షి కోసం, ఉండే చోట రాత్రిపూట వెతికిందెవరు? 1986లో మన జిల్లా రెడ్డిపల్లె దగ్గరే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు మళ్లీ దొరికింది.

అందుకే రెండో షీటు ఒకటి పెట్టాను. వెళ్లిన ప్రతిసారికీ ఒక వరుస: తేదీ, మొదలుపెట్టిన సమయం, ఎన్ని నిమిషాలు, ఎంత దూరం, ఎవరెవరు, కనబడిన పక్షులన్నీ రాశారా లేదా. పక్షుల షీటులో ప్రతి వరుసకూ ఆ సర్వే నంబరు. సర్వే ఉండి, అన్నీ రాశామని ఉండి, పక్షి పేరు లేకపోతే అప్పుడే సున్నా. సర్వేనే లేకపోతే ఖాళీ ఖాళీగానే ఉంటుంది. ఇప్పుడు జూనియర్లకు సార్ ఆ షీటే ఇస్తున్నారు. వెళ్లలేని రోజులకు కారణం రాసే కాలమ్ మాత్రం ఆయనే కలిపారు.