విశాఖ నుంచి బారువ దాకా: ఇద్దరు, ఒక కారు, ఒక టెంటు

ఈ ప్రయాణాన్ని కిలోమీటర్లతో లెక్కేసుకుంటే దెబ్బతింటారు. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం జిల్లా బారువకి హైవే మీద 200 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. నాలుగైదు గంటల్లో చేరిపోవచ్చు. కానీ భార్యాభర్తలిద్దరూ మధ్యలో తీరం వెంబడి ఆగుతూ, రెండు రాత్రులు ఇసుక మీద పడుకోవాలంటే లెక్క వెలుతురుతో వేయాలి. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం ఐదున్నరలోపే పొద్దు గూకుతుంది. పైగా ఇది తూర్పు తీరం. సూర్యుడు మన వెనక కొండల్లో, తోటల్లో దిగిపోతాడు కాబట్టి ఒడ్డున చీకటి ఇంకాస్త ముందే పడుతుంది. నాలుగు గంటలకల్లా టెంటు వేసే చోటికి చేరాలి. మిగతా రోజంతా దాన్ని బట్టే సర్దుకోవాలి.

డిసెంబర్ రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా వెళ్లడం మంచిది. అక్టోబర్‌లో సెలవులు కలిసొస్తాయని బయల్దేరేవాళ్లు ఈ తేదీలు ఒకసారి చూడండి: ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖలో, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ ఈ దారిలోనో, దాని పక్కనో దాటినవే. డిసెంబర్‌లో కూడా వాయుగుండాలు వస్తాయి. అందుకే బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలతో పాటు, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు సమాచారం కూడా చూసుకోవాలి. తుఫాను లేకపోయినా ఎక్కడో దూరాన పుట్టిన ఉప్పెన అలలు ఎండ కాస్తున్న రోజే ఒడ్డు మీదికి వచ్చేస్తాయి.

మొదటి రోజు ఊరికి ఇచ్చేయండి, రాత్రి గదిలోనే ఉండండి. ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నమే తెరుస్తారు. ఆదివారం సాయంత్రం వరస చాంతాడంత ఉంటుంది కాబట్టి మంగళ, బుధవారాల్లో తలుపులు తీసే సమయానికి వెళ్లడం మేలు. 91 మీటర్ల పొడవున్న ఈ జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. 2002 నుంచి జనం లోపలికి వెళ్లి చూస్తున్నారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారాల గుండా వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, వీపున పెద్ద సంచి ఉన్నవాళ్లు ఇబ్బంది పడతారు, సంచి కారులోనే వదిలేయండి. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం కూడా చూడండి. ఒక్కో ఇంజనుకి ఒకదాని వెనక ఒకటి రెండు పంకాలు ఎదురెదురు దిశల్లో తిరిగే అమరిక దానిది. దగ్గరికి వెళ్లి చూస్తేనే అది అర్థమవుతుంది. ఆ తర్వాత కైలాసగిరి ఎక్కాలా వద్దా అన్నది మీ ఓపిక. ఒక్క సాయంత్రమే ఉంటే మేం ఒడ్డునే నడవమంటాం.

ఊళ్లో ఉండగానే కొనాల్సినవి: చిన్న క్యాంపు పొయ్యికి గ్యాస్ డబ్బా, 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్, ఖాళీ బియ్యం సంచులు ఆరు. హైదరాబాద్ నుంచి విమానంలోనో రైల్లోనో వచ్చి ఇక్కడ కారు అద్దెకు తీసుకునేవాళ్లు గ్యాస్ డబ్బాను వెంట తేకూడదు, రెండింట్లోనూ నిషేధమే. 230 గ్రాముల డబ్బా ఇద్దరికి రెండు రాత్రులు సరిపోతుంది. గాలి ఎక్కువైతే మంట వేడంతా గాలికే పోయి ఒక్క రాత్రిలోనే అయిపోతుంది కాబట్టి రెండోది ఉంచుకోండి.

రెండో రోజు ఉదయం బీచ్ రోడ్డు పట్టుకోవాలి. భీమిలి సుమారు 30 కిలోమీటర్లు. దారిలో తొట్లకొండ మీద బౌద్ధారామం ఉంది, ఎండెక్కక ముందే చూడాలి, పైన నీడ తక్కువ. భీమిలికి కాస్త ముందు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల కిందటి ఇసుక దిబ్బలు అవి. ఇసుక రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ పట్టి ఎర్రబారాయి, వాన నీరు కోసేసి వాగుల్లా, గోడల్లా చేసింది. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు ఉంది. గోడలు రాతిలా కనిపిస్తాయి గానీ చేత్తో రాస్తే రాలిపోతాయి. ఎక్కితే మీకూ ప్రమాదం, దిబ్బకీ నష్టం. లోపలికి వెళ్లాక ప్రతి మలుపూ ఒకేలా ఉంటుంది కాబట్టి కారు ఆపిన చోటును ఫోన్ మ్యాపులో గుర్తు పెట్టుకోండి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసే చోటు చాలు. భోజనం చేసి పన్నెండున్నరకి బయల్దేరితే భోగాపురం దగ్గర హైవే ఎక్కి, శ్రీకాకుళం మీదుగా మూడున్నరకి కళింగపట్నంలో ఉంటారు. అరసవల్లి దర్శనం ఆ మధ్యాహ్నమే ఇరికించాలని చూడకండి. వెలుతురు పోయేది అక్కడే. తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి.

చేరగానే మొదటి పని టెంటు కాదు. కళింగపట్నంలోనూ బారువలోనూ మెరైన్ పోలీస్ స్టేషన్లు ఉన్నాయి. ఇద్దరి గుర్తింపు కార్డులు చూపించి, కారు నంబరు, ఒక్క రాత్రే ఉంటామన్న మాట చెప్పండి. తర్వాత దగ్గర్లోని మత్స్యకారుల ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. ఇది మర్యాద కోసమే కాదు. తెప్పలు ఎక్కడ లాగుతారో, ఒడ్డు నుంచి లాగే అలివి వల ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలుసు. తెల్లవారుజామున నాలుగున్నరకి వల తాడు లాగుతూ ముప్ఫై మంది వచ్చే దారిలో మీ టెంటు ఉంటే అది వాళ్ల పనికి అడ్డం. ఆడవాళ్లు ఉదయం ఏ వైపు వెళ్తారో కూడా వాళ్లే చెప్తారు, అటు వెళ్లకూడదు. మీ అవసరానికి మాత్రం టెంటుకి చోటు వెతికే ముందే బస్టాండులోనో పెట్రోలు బంకులోనో పని కానిచ్చుకోవాలి. ఆ మాట ముందే అనుకోకపోతే రాత్రి ఇబ్బంది పడేది ఎక్కువగా భార్యే.

చోటు ఎంపికలో చాలామంది పొరబడేది పోటు దగ్గర. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు తగ్గడం). ఒక పోటుకీ మరో పోటుకీ 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సాయంత్రం పాటులో వెడల్పుగా, చదునుగా కనిపించిన ఇసుక అర్ధరాత్రికి నీళ్ల కింద ఉండొచ్చు. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు పోటు మరీ ఎక్కువ. గుర్తు ఇది: పుల్లలు, నాచు, గవ్వలు వరసగా పేరుకున్న గీతలు ఒడ్డున రెండు మూడు ఉంటాయి. తడిగా ఉన్న గీతను కాదు, అన్నిటికన్నా పైనున్న ఎండు గీతను చూసి, దానికి ఇంకో 30 అడుగులు వెనక్కి జరగాలి. మేక డెక్క లాంటి ఆకులతో, ఊదా పూలతో ఇసుక మీద పాకే తీగ ఉన్నచోట మామూలు పోటు చేరదు. ఆ తీగను తొక్కకుండా దాని వెనక వేసుకోండి, ఇసుకను పట్టి ఉంచేది అదే. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నె మీద మాత్రం ఎంత అందంగా ఉన్నా వద్దు. తిన్నె చోటు మారుస్తుంది, పాటు సమయంలో నది నీరు బలంగా లాగుతుంది. కొబ్బరి చెట్ల కింద కూడా వద్దు. సరుగుడు తోట అంచు బాగుంటుంది, గాలిని విరుస్తుంది. కానీ కింద పరుచుకున్న ఎండు సరుగుడాకు అగ్గిపుల్లకి భగ్గుమంటుంది, అక్కడ పొయ్యి వెలిగించకండి.

టెంటుతో ఇచ్చే మేకులు మట్టి కోసం చేసినవి, పొడి ఇసుకలో చెయ్యి పెట్టి లాగితే వచ్చేస్తాయి. బియ్యం సంచులు ఇందుకే. ఒక్కో సంచిలో పది కిలోల ఇసుక నింపి, మూతి కట్టి, నడుముకి టెంటు తాడు బిగించి, జానెడున్నర లోతు గోతిలో అడ్డంగా పూడ్చాలి. పైన తడి ఇసుక వేసి కాళ్లతో తొక్కాలి. నాలుగు మూలలకి నాలుగు, గాలి వచ్చే వైపు రెండు. ఇద్దరు కలిస్తే అరగంట పని. ఒకరు గోతులు తవ్వుతుంటే ఇంకొకరు సంచులు నింపాలి. టెంటు గుడ్డ విప్పేది ఈ సంచులు సిద్ధమయ్యాకే, లేకపోతే గాలి దాన్ని తీసుకుపోతుంది. గుమ్మం ఎటు అన్నది నెలను బట్టి. డిసెంబర్, జనవరిలో ఈశాన్యపు గాలి, రాత్రి నేల మీంచి సముద్రంలోకి పడమటి గాలి కాబట్టి గుమ్మం దక్షిణం వైపు మేలు. ఫిబ్రవరి చివరికి గాలి దక్షిణానికి తిరుగుతుంది, అప్పుడు గుమ్మం ఉత్తరానికి. మంచు బాగా కురుస్తుంది. చలని కిటికీలన్నీ మూస్తే మీ ఊపిరి తేమే లోపలి గుడ్డ మీద నీళ్లై కారుతుంది. పై కిటికీ ఒకటి తెరిచి పడుకోండి.

పొయ్యి టెంటు లోపల వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బయట గాలికి అడ్డం పెట్టేటప్పుడు కూడా గ్యాస్ డబ్బా చుట్టూ రేకు మూసేయకండి, వేడికి డబ్బా పేలుతుంది. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డం పెట్టాలి. ఇద్దరికి ఒక రాత్రికి పది లీటర్ల నీళ్లు: తాగడానికి ఐదు, వంటకి రెండు, కాళ్లూ చేతులూ గిన్నెలూ కడగడానికి మూడు.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డునే రాత్రిళ్లు గుడ్లు పెడతాయి. తెల్లటి వెలుతురు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రపు మెరుపు అనుకుని దీపం వైపు నడుస్తాయి. అందుకే లాంతరు టెంటు లోపలే, బయటకి ఎర్ర గుడ్డ చుట్టిన టార్చి. తాబేలు కనిపిస్తే దీపం ఆర్పి, కదలకుండా కూర్చోండి. ఫొటో వద్దు. ఆ రాత్రికి మీరు చూసే దానికంటే గొప్పది ఈ తీరంలో లేదు.

కారును ఇసుకలోకి దించకండి. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా కూరుకుపోతుంది. టైర్లలో గాలి 33 నుంచి 18 పీఎస్ఐకి తగ్గించి, చక్రాల ముందు ఇసుక తీసి, కాళ్ల కింది మ్యాట్లు పరిచి, రెండో గేరులో నెమ్మదిగా కదిలించాలి. గట్టి నేల మీదికి రాగానే చిన్న గాలిపంపుతో మళ్లీ నింపాలి, తగ్గిన గాలితో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పగులుతుంది.

మూడో రోజు ముందుగా శాలిహుండం. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు. 1919లో వీటిని వెలుగులోకి తెచ్చింది వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే. కొండ మీంచి నది మలుపులు చూస్తే రాత్రి తిన్నె మీద ఎందుకు పడుకోవద్దన్నామో తెలుస్తుంది. తర్వాత టెక్కలి దాటి తేలినీలాపురం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటిని సొంత బిడ్డల్లా చూసుకుంటారు. హారన్ కొట్టకండి, డ్రోన్ ఎగరేయకండి. పలాసలో జీడిపప్పు కొనుక్కుని నాలుగింటికి బారువ. మహేంద్రతనయ కలిసే చోటుకి దూరంగా, మళ్లీ అదే క్రమం: స్టేషన్, ఊరి పెద్దలు, ఎండు గీత, సంచులు.

ఇక్కడ స్నానానికి దిగాలనిపిస్తుంది. రెండు వైపులా అలలు విరుగుతూ మధ్యలో ఒక పాయ ప్రశాంతంగా కనిపిస్తే అదే లోపలికి లాగే చోటు. లాగితే ఒడ్డుకి ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. నడుము లోతు దాటకపోవడమే మేలు. అత్యవసరమైతే 112, సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్‌గార్డ్ 1554.

తెల్లారాక సంచులన్నీ తవ్వి తీసి, గోతులు పూడ్చండి. తాబేలు పిల్ల గోతిలో పడితే పైకి రాలేదు. ఇంటికి చేరిన రోజే టెంటు పోల్స్‌ని మంచినీళ్లతో తుడిచి, జిప్పుల్లో ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో దులిపి, కొవ్వొత్తి రాసి, టెంటును రెండు రోజులు నీడలో ఆరబెట్టాలి. కారు కింది భాగం కూడా మంచినీళ్లతో కడిగించండి, ఉప్పు వారంలోనే పని మొదలుపెడుతుంది.