సైటు మీద షుగరు సంగతి

ఖతర్ వచ్చిన మనోళ్లలో షుగరు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. క్యాంపులో ఎవరినడిగినా మాత్రం 'నాకేం లేదన్నా' అంటారు. మాత్రలేమో పెట్టెలో బట్టల కింద ఉంటాయి. సూపర్‌వైజరుకు తెలిస్తే 'అన్‌ఫిట్' అని రాసి టికెట్టు చేతిలో పెడతాడని భయం. ఏజెంటుకు కట్టిన అప్పు మిత్తి కూడా తీరకముందే ఊరికి పోతే ఎట్లా? నాకూ షుగరుంది, ఆ భయం నాకూ తెలుసు.

కానీ ఎండాకాలం ఆ సంగతి దాగనివ్వదు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను 30 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. జూలైలో ఇక్కడ నీడలోనే 45 దాకా పోతుంది. సంచిలో వేసుకుని సైటుకు తెస్తే ఆ మందును నమ్మలేం. చెమటకు ఒంట్లో నీళ్లు పోతే షుగరు పెరుగుతుంది. సూది వేసుకున్నాక తిండి ఆలస్యమైతే పడిపోతుంది. తెల్లవారుజామునే బస్సెక్కే మాకు తిండి ఆలస్యం కావడం మామూలే. స్కాఫోల్డింగ్ మీద కళ్లు తిరిగితే ప్రాణాపాయం నాకే కాదు, కింద నిలబడ్డవాడికి కూడా.

ఫోర్‌మన్‌తో 'తబియత్ బాగాలేదు' అంటే ఒకరోజు రూములో ఉండమంటాడు, మర్నాడు మళ్లీ అదే పని. అందుకే ఏం కావాలో విడమరిచి అడిగాను. సైటు ఆఫీసు ఫ్రిజ్‌లో ఇన్సులిన్‌కు చోటు, తిండికి ఒకటే టైము, ఎండలు తగ్గేదాకా కింద పని. డాక్టరు రాసిచ్చిన కాగితం కూడా చూపించాను. ఫ్రిజ్‌కు, తిండి టైముకు వెంటనే సరేనన్నాడు. కింద పనికి మాత్రం ఒప్పుకోలేదు. సేఫ్టీ ఆఫీసరు ఆ కాగితం చూశాకే స్టోరులో వేశారు. ఓవర్‌టైం పోయింది, ఇంటికి పంపే డబ్బు తగ్గింది. అయినా అడిగి మంచిపనే చేశాననుకుంటాను.

అడగడానికి చట్టం ఆసరా కూడా ఉంది. 2021 నియమాల ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని బంద్. వేడిని, తేమను కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ 32.1 దాటితే ఏ వేళైనా ఆపాల్సిందే. ఏడాదికోసారి కంపెనీ ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలి. ఎండదెబ్బను ఎక్కువ చేసే దీర్ఘకాలిక జబ్బులను పట్టుకోవడానికే ఆ పరీక్ష. అక్కడ దాస్తే ఇంకెక్కడ చెప్తాం? లేబర్ చట్టం ప్రకారం మూడు నెలల సర్వీసు దాటితే సిక్ లీవుకు మొదటి రెండు వారాలు పూర్తి జీతం, తర్వాతి నాలుగు వారాలు సగం. పని చేయలేడని డాక్టరు తేల్చితే పన్నెండో వారం చివర ఉద్యోగం తీసేయొచ్చు. ఆ మాట కూడా తెలిసి ఉండాలి. షుగరుందని చెప్పడం వేరు, పని చేయలేడని డాక్టరు రాయడం వేరు.

ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు ఈ లేబర్ చట్టం వర్తించదు. వాళ్లకు 2017లో వేరే చట్టం వచ్చింది. దాని ప్రకారం జబ్బు చేస్తే వైద్యం, మందుల ఖర్చు యజమానిదే. కానీ ఆ ఇంట్లో సేఫ్టీ ఆఫీసరు ఉండడు, మేడమ్‌కే చెప్పుకోవాలి. అందుకే ఊళ్లో బయల్దేరేముందే డాక్టరు చేత ఇంగ్లీషులో చీటీ రాయించుకోండమ్మా. దాని ఫొటో మీ ఫోన్లో ఒకటి, ఇంట్లోవాళ్ల ఫోన్లో ఒకటి ఉంచండి.